ఫ్లోర్ షిఫ్టర్ కొనేముందు బండి కిందికి దూరండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత హాట్‌రాడ్‌లలో (పాత బాడీలో వేరే బలమైన ఇంజన్ పెట్టుకున్న బండ్లలో) విడిగా కొని బిగించుకునే ఫ్లోర్ షిఫ్టర్ల గురించే, అంటే ఫ్లోర్ మీంచి పైకి వచ్చే గేర్ లివర్ల గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, అందరికీ పనికొచ్చేలా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: 1932 ఫోర్డ్ బాడీలో షెవ్రొలే 350 ఇంజన్, టీహెచ్350 ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ పెట్టాను. షిఫ్టర్ ట్రాన్స్‌మిషన్ మీదే కూర్చునే రకం తీసుకోవాలా, ఫ్లోర్‌కు బిగించి కేబుల్‌తో కలిపే రకం తీసుకోవాలా?

జవాబు: షిఫ్టర్ ఫొటోలు చూసి తేల్చుకునే విషయం కాదిది. సీట్లో కూర్చుని చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తుందో అక్కడ ఫ్లోర్ మీద ఒక గుర్తు పెట్టండి. తర్వాత బండి కిందికి వెళ్లి ట్రాన్స్‌మిషన్ ఎక్కడుందో చూడండి. గుర్తుకు కింద దగ్గర్లోనే ట్రాన్స్‌మిషన్ ఉంటే దాని మీద బిగించే రకమే మేలు. లోకార్ వంటి కంపెనీల కిట్లు ఈ కోవలోవే. బ్రాకెట్ ట్రాన్స్‌మిషన్‌కే బిగుస్తుంది, అక్కణ్నుంచి పక్కనున్న సెలెక్టర్ ఆర్మ్‌కు (తిప్పితే ట్రాన్స్‌మిషన్‌లో గేరు స్థానం మారే చిన్న చేతికి) ఒక పొట్టి రాడ్ వెళ్తుంది. కీళ్లు తక్కువ కాబట్టి లూజు తక్కువ. ఇంజన్ ఊగితే షిఫ్టర్ కూడా దాంతోనే ఊగుతుంది కనుక సర్దుబాటు చెడదు. లోపమల్లా ఒకటే, లివర్ ఎక్కడ పైకి రావాలో నిర్ణయించేది మీరు కాదు, ట్రాన్స్‌మిషన్.

హర్స్ట్, బీ అండ్ ఎం కంపెనీల కేబుల్ షిఫ్టర్లను మీకు కావలసిన చోట పెట్టుకోవచ్చు. కానీ 1932 ఫోర్డ్ లోపల చోటు తక్కువ. వెడల్పాటి షిఫ్టర్ పెట్టె కాళ్లకు అడ్డం వస్తుంది. కేబుల్‌ను ఎగ్జాస్ట్ పైపుకు కనీసం ఆరు అంగుళాల దూరంలో పోనివ్వండి. అంత దూరం దొరక్కపోతే మధ్యలో రేకు కవచం తప్పనిసరి. వేడికి లోపలి ప్లాస్టిక్ గొట్టం మెత్తబడిందంటే కేబుల్ బిగుసుకుపోతుంది, మార్చడమే తప్ప దానికి మందు లేదు. మలుపులు వెడల్పుగా ఉండాలి. దగ్గరగా వంచిన కేబుల్ మొదటి రోజు నుంచే బరువుగా లాగుతుంది.

ఈ రెండూ కలిపి చేసే పొరపాటు మాత్రం ఎన్నడూ చేయకండి. ఫ్లోర్‌కు బిగించిన షిఫ్టర్‌ను గట్టి రాడ్‌తో ట్రాన్స్‌మిషన్‌కు కలపొద్దు. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కదులుతుంది, ఫ్లోర్ కదలదు. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో ఆ తేడా అంతా సెలెక్టర్ ఆర్మ్ మీద పడుతుంది.

మీ బండికైతే ట్రాన్స్‌మిషన్ మీద బిగించే సన్నటి పొడవాటి లివరే మా సలహా. డబ్బు కట్టేముందు ఒకటి చూసుకోండి: టీహెచ్350 సెలెక్టర్ ఆర్మ్ ఎడమ వైపు ఉంటుంది. మీ ఛాసిస్‌కు ఎక్స్ మెంబర్ (మధ్యలో ఎక్స్ ఆకారంలో ఉండే దూలాలు) ఉంటే దాని కాళ్లు సరిగ్గా ఆ పక్కనుంచే పోతాయి. ఆర్మ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరగడానికి, రాడ్ కదలడానికి చోటుందా? దీనికి తోడు టీహెచ్350 టైల్‌హౌసింగ్ (దాని వెనక కొస భాగం) 6, 9, 12 అంగుళాల పొడవుల్లో వచ్చింది. ఆర్డరిచ్చేటప్పుడు ట్రాన్స్‌మిషన్ పేరుతోపాటు ఆ పొడవు కూడా చెప్పండి.

ప్రశ్న: లివర్ ఎంత పొడవుండాలి? ఫ్లోర్‌కు రంధ్రం ఎలా కొట్టాలి?

జవాబు: ముందు ఒక వెల్డింగ్ రాడ్‌ను వంచి నమూనా లివర్ చేసుకోండి. షిఫ్టర్ అడుగుభాగానికి తాత్కాలికంగా కట్టి పార్క్ నుంచి 1 దాకా (పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్ అనే డీ, 2, 1) అన్ని స్థానాల్లోనూ పెట్టి చూడండి. సీటు బిగించే ఉండాలి, దాని మీద మనిషి కూర్చునే ఉండాలి. కూర్చున్నాక కుషన్ అణిగి ముందుకు పొంగుతుంది. ఖాళీ సీటుతో కొలిచినవాళ్లకు 1లో పెట్టినప్పుడు నాబ్ సీటుకు తగులుతుంది. పార్క్‌లో ఉన్నప్పుడు డ్యాష్‌బోర్డుకూ నాబ్‌కూ మధ్య పిడికిలి పట్టాలి. పొడవాటి లివర్ చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ పొడవు పెరిగేకొద్దీ చెయ్యి కదలాల్సిన దూరం కూడా పెరుగుతుంది, వణుకూ పెరుగుతుంది. లివర్ మొదట్లో రబ్బరు బుష్‌లున్న రకం దొరికితే ఆ వణుకు చాలావరకు తగ్గుతుంది.

రంధ్రం విషయంలో వరుస ముఖ్యం. ఇంజన్, ట్రాన్స్‌మిషన్ రెండూ తమ మౌంట్ల మీద పూర్తి బరువుతో కూర్చుని, మౌంట్ బోల్టులన్నీ బిగించాకే కొలత తీయాలి. జాకీ మీద లేపి ఉంచి కొలిస్తే, దించాక ట్రాన్స్‌మిషన్ కిందికి జారి లివర్ రంధ్రం అంచుకు ఆనుతుంది. కింది నుంచి పైకి 1/8 అంగుళం డ్రిల్‌తో ఒక చిన్న గుర్తు రంధ్రం వేసి, పైకి వచ్చి చూసి, కార్పెట్, వైర్లు, బ్రేక్ పైపులు ఏవీ అడ్డం లేవని తేల్చుకున్నాకే పెద్దది చేయండి. ట్రాన్స్‌మిషన్ మీద బిగించిన షిఫ్టరైతే లివర్ ముందుకూ వెనక్కే కాక పక్కలకు కూడా ఊగుతుంది. చక్రాలకు అడ్డు పెట్టి, బ్రేక్ గట్టిగా తొక్కి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా డీలోకీ రివర్స్‌లోకీ మారుస్తూ ఎంత వాలుతోందో చూడండి. దానికి మించి చుట్టూ కనీసం మరో అర అంగుళం ఖాళీ వదలండి. రంధ్రం అంచుకు రబ్బరు చుట్టకపోతే లివర్ మొదట్లో చుట్టూ ఉండే తొడుగు (బూట్) ఆరు నెలల్లో కోసుకుపోతుంది.

ప్రశ్న: షిఫ్టర్ బ్రాకెట్‌ను 700ఆర్4 ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ పాన్ (అడుగున ఉండే ఆయిల్ పళ్లెం) బోల్టుల కింద బిగించాను. ఆ మూలనుంచి ఆయిల్ కారుతోంది. ఒక బోల్టు ఎంత తిప్పినా బిగియడం లేదు.

జవాబు: అది పాత టీహెచ్350 బోల్టు అయ్యుంటుంది. టీహెచ్350 పాన్ బోల్టులు అంగుళాల కొలతలో 5/16-18, 700ఆర్4వి మిల్లీమీటర్ల కొలతలో ఎం8, 1.25 పిచ్ (మర చుట్ల మధ్య దూరం). రెంటికీ లావులో తేడా 0.06 మిల్లీమీటర్లే, కాబట్టి చేత్తో పెడితే మొదటి రెండు చుట్లు ఎక్కుతాయి. ఆ తర్వాత ఉక్కు బోల్టు అల్యూమినియం కేసు మరను కోసుకుంటూ పోతుంది. ఆ రంధ్రానికి ఎం8 థ్రెడ్ ఇన్సర్ట్ (పాడైన మర స్థానంలో కూర్చునే కొత్త మర తొడుగు) వేయించండి. వేసేటప్పుడు డ్రిల్ లోతు ఎక్కువ కాకుండా దానికి టేప్ చుట్టి గుర్తు పెట్టుకోవాలి, తుక్కు లోపల పడకుండా చూసుకోవాలి. ఇక కారడం సంగతి: బ్రాకెట్ మందం ఎంతో బోల్టు అంత పొడవు కావాలి. పాత బోల్టే వాడితే మరకు పట్టు చాలదు, మరీ పొడుగైతే రంధ్రం అడుక్కు తగిలి పాన్ బిగియదు. బ్రాకెట్ మూల పాన్ అంచు మీద ఎగుడుదిగుడుగా కూర్చున్నా గ్యాస్కెట్ ఒకవైపే నలుగుతుంది. బిగింపు 8 నుంచి 10 అడుగు-పౌండ్లు చాలు.

ప్రశ్న: పార్క్‌లో పెట్టినా వాలు మీద బండి దొర్లుతోంది. డీలో బయల్దేరేటప్పుడు ఒక్కోసారి జారినట్టు ఉంటుంది. షిఫ్టర్ మాత్రం ప్రతి స్థానంలోనూ టక్కుమని పడుతోంది.

జవాబు: టక్కుమన్నది షిఫ్టర్, ట్రాన్స్‌మిషన్ కాదు. తిరకాసంతా అక్కడే ఉంది. షిఫ్టర్ లోపల దాని గాళ్లు దానికుంటాయి, ట్రాన్స్‌మిషన్ లోపల వేరే గాళ్లుంటాయి. లోపలి పంటి పలక మీద స్ప్రింగ్ రోలర్ ఒక్కో గాడిలో పడుతుంది. ఆ పలకను తిప్పే షాఫ్టే మాన్యువల్ వాల్వ్‌ను (ఆయిల్ ఎటు వెళ్లాలో నిర్ణయించే వాల్వ్‌ను) కూడా జరుపుతుంది. గాడిలో సగమే పడితే వాల్వ్ సగమే తెరుచుకుంటుంది, క్లచ్‌లకు వెళ్లే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది. మీకు జారినట్టనిపిస్తున్నది అదే. ఇలాగే నడిపితే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. కాబట్టి సరిచేసేదాకా బండి తీయకండి.

సర్దుబాటు ఎప్పుడూ కింది నుంచే మొదలుపెట్టాలి. ముందు చక్రాలకు అటూ ఇటూ అడ్డు పెట్టి, వెనక చక్రాలు రెండూ లేపి స్టాండ్ల మీద నిలపండి. ఇంజన్ ఆపండి. రాడ్ లేదా కేబుల్ విడదీయండి. సెలెక్టర్ ఆర్మ్‌ను చేత్తో ఒక కొసదాకా తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను తిప్పబోతే కదలకపోతే అది పార్క్. వెనక చక్రం ఒకదాన్ని ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరగొచ్చు, అది డిఫరెన్షియల్ పని, దాన్ని చూసి కంగారుపడొద్దు. చూడాల్సింది షాఫ్ట్‌నే. అక్కణ్నుంచి గాళ్లు లెక్కపెట్టండి: టీహెచ్350లో ఆరు, 700ఆర్4లో ఏడు.

ఇప్పుడు ఆర్మ్ పార్క్ గాడిలో, లివర్ పార్క్‌లో ఉండగా రాడ్ కొసను రంధ్రానికి ఎదురుగా తెచ్చి పొడవు సరిచేయండి. పిన్ను తోస్తే కాదు, వదిలితే దానంతటది జారాలి. తర్వాత రాడ్ కలపకుండానే లివర్‌ను 1లో, ఆర్మ్‌ను చివరి గాడిలో పెట్టి, అక్కడ కూడా పిన్ను అంతే తేలిగ్గా జారుతుందేమో చూడండి. ఈ రెండో పరీక్ష చేయనివాళ్లే ఎక్కువ. రెండు కొసల్లోనూ తేడా ఒకే వైపుకు, ఒకే అంత ఉంటే రాడ్ పొడవు తప్పు. పార్క్‌లో సరిగ్గా ఉండి 1లో తేడా వస్తే పొడవుతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు, ఆర్మ్ పొడవే తప్పు. కిట్‌తో వచ్చిన ఆర్మ్ బదులు పాతది ఉంచేశారేమో, లేదా రెండు రంధ్రాల్లో తప్పుదానికి రాడ్ తగిలించారేమో చూడండి. కేబుల్ రకంలో మూడో జబ్బు ఒకటుంది: పార్క్ వైపు నుంచి డీకి వస్తే ఒకలా, 1 వైపు నుంచి వస్తే ఇంకోలా ఆగుతుంది. అప్పుడు కేబుల్ పట్టుకున్న బ్రాకెట్ వంగుతోందన్నమాట. మందమైన రేకుతో ఇంకో బ్రాకెట్ చేయించండి.

ఆర్మ్ నట్టు బిగించేటప్పుడు ఆర్మ్‌ను ఇంకో స్పానర్‌తో పట్టుకోండి. లేకపోతే మీ బలమంతా లోపలి పంటి పలక మీద పడుతుంది.

ప్రశ్న: మన్సీ నాలుగు గేర్ల మాన్యువల్ పెట్టెకు హర్స్ట్ కాంపిటిషన్ ప్లస్ షిఫ్టర్ పెట్టాను. 2 నుంచి 3కి మార్చేటప్పుడు లివర్ న్యూట్రల్‌లో ఇరుక్కుంటోంది.

జవాబు: ముందు అది మన్సీయేనా అని చూసుకోండి, ఎందుకంటే బ్రాకెట్, రాడ్లు పెట్టెను బట్టి మారతాయి. పక్క మూతకు ఏడు బోల్టులుండి, రివర్స్ ఆర్మ్ వెనక టైల్‌హౌసింగ్ మీద ఉంటే మన్సీ. ఏడు బోల్టులే ఉండి మూడు ఆర్మ్‌లూ మూత మీదే ఉంటే సాగినా. తొమ్మిది బోల్టులైతే బోర్గ్‌వార్నర్ టీ-10.

ఇలా ఇరుక్కోవడానికి కారణం షిఫ్టర్ లోపలి మూడు పలకలు న్యూట్రల్‌లో ఒకే వరుసలోకి రాకపోవడం. పెట్టె పక్కన ఉన్న ఆర్మ్‌లు మూడింటినీ న్యూట్రల్ గాడిలో పెట్టండి. షిఫ్టర్‌లో వరుస చూసే రంధ్రంలో 1/4 అంగుళం రాడ్ దూర్చండి, అదే సైజు డ్రిల్ బిట్ వెనక కొస అయినా చాలు. మూడు పలకల గుండా అది నిటారుగా దూరి నిలవాలి. ఇప్పుడు ఒక్కో లింకేజీ రాడ్ కొసను విప్పి, మర తిప్పి, నైలాన్ బుష్‌లోకి బలవంతం లేకుండా దూరేలా చేసి క్లిప్ వేయండి. మూడూ అయ్యాక పిన్ను లాగితే తేలిగ్గా వచ్చేయాలి. పట్టుకుంటోందంటే ఏదో ఒక రాడ్ ఇంకా తన్నుతోంది. అరిగిన నైలాన్ బుష్‌లతో ఇదంతా చేయడం వృథా, అవి ముందే మార్చండి.

లివర్ ఎంతదూరం పోవాలో ఆపే స్టాప్ బోల్టుల్ని చాలామంది ముట్టుకోరు. అవి లేకపోతే లివర్‌ను గుంజిన బలమంతా పెట్టె లోపల గేర్లను జరిపే ఫోర్కుల మీద పడి అవి వంగుతాయి. రెండు బోల్టుల్నీ వెనక్కి తీసి, లివర్‌ను మూడో గేర్‌లోకి నెట్టి పట్టుకోండి. ఆ వైపు బోల్టును తగిలేదాకా తిప్పి, లివర్ వదిలి, బోల్టును ఒక చుట్టు వెనక్కి తీసి లాక్ నట్ బిగించండి. నాలుగో గేర్‌కు రెండో బోల్టుతో ఇదే పని.

ప్రశ్న: పాత ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజన్‌కు టీ-5 ఐదు గేర్ల పెట్టె వేస్తున్నాను. ఏ బండిలోది తీసుకుంటే లివర్ సరైన చోటికి వస్తుంది?

జవాబు: షెవ్రొలే ఎస్-10 పికప్‌ది. దాని లివర్ ముందుకు ఉంటుంది, పాత ఫోర్డ్ క్యాబిన్‌కు సరిపోతుంది. ఫోర్డ్ మస్టాంగ్‌లోది ఇంకా వెనక్కి, సీటు అంచుకు దగ్గరగా వస్తుంది. 1983 నుంచి 1992 దాకా షెవ్రొలే కమారోలో వచ్చినదైతే పెట్టెనే 17 డిగ్రీలు వాల్చి బిగించారు. దాన్ని నిటారుగా పెడితే లివర్ పక్కకు వాలుతుంది. లివర్ లూజుగా ఉందని వెంటనే షార్ట్-త్రో షిఫ్టర్ (చెయ్యి కదలాల్సిన దూరాన్ని తగ్గించే రకం) కొనకండి. నాలుగు బోల్టులు విప్పి లివర్ పైకి తీస్తే, దాని అడుగు బంతి కూర్చునే చిన్న ప్లాస్టిక్ గిన్నె కనిపిస్తుంది. అది పగిలినా అరిగినా ఎంత ఖరీదైన షిఫ్టరైనా ఊగుతూనే ఉంటుంది. గిన్నె మార్చాక కూడా కదలిక ఎక్కువనిపిస్తేనే షార్ట్-త్రో ఆలోచించండి. దూరం ఎంత తగ్గితే చేతికి అంత బరువు పెరుగుతుంది.

ప్రశ్న: పార్క్, న్యూట్రల్‌లలో తప్ప ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని న్యూట్రల్ స్విచ్ తప్పనిసరా?

జవాబు: తప్పనిసరే. స్టీరింగ్ కాలమ్ మీది గేర్ తీసేసినప్పుడు పాత జీఎం (జనరల్ మోటార్స్) బండ్లలో ఆ స్విచ్ కూడా కాలమ్‌తోనే పోతుంది, ఆ తర్వాత బండి గేర్‌లోనే స్టార్ట్ అవుతుంది. కొత్త షిఫ్టర్‌తో వచ్చే స్విచ్‌ను తాళం నుంచి స్టార్టర్ సోలినాయిడ్‌కు వెళ్లే సన్నటి వైరు మధ్యలో కలపండి, బ్యాటరీ లావు వైరులో కాదు. మల్టీమీటర్‌తో చూస్తే పార్క్, న్యూట్రల్ రెండింట్లోనే కరెంటు దారి కలవాలి. లివర్ సర్దుబాటు ముగిశాకే స్విచ్ సర్దండి, లేకపోతే రెండుసార్లు చేయాల్సి వస్తుంది. డ్రాగ్ రేసుకు వెళ్లేవాళ్లకు అమెరికా డ్రాగ్ రేసుల సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం పనిచేసే న్యూట్రల్ స్విచ్‌తోపాటు, విడిగా కొన్న ఆటోమేటిక్ ఫ్లోర్ షిఫ్టర్‌కు స్ప్రింగ్‌తో పనిచేసే రివర్స్ లాకవుట్ (పొరపాటున రివర్స్‌లో పడకుండా ఆపే అడ్డు) కూడా ఉండాలి.