ఆన్ కాగానే నెట్‌వర్క్ డ్రైవర్ దగ్గర బ్లూ స్క్రీన్ వస్తోందా? మదర్‌బోర్డు కొనే ముందు ఇవి చూడండి

పరకాలలో ఆన్‌లైన్ సెంటర్ నడిపే అన్న అడిగింది ఇదీ: విండోస్ 10 డెస్క్‌టాప్ ఆన్ చేస్తే లోగో వస్తుంది, డెస్క్‌టాప్ కూడా కనిపిస్తుంది, కొద్ది సెకన్లకే బ్లూ స్క్రీన్ పడుతుంది. దాని మీద ‘డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అనీ, కింద ‘ఎన్‌డీఐఎస్ డాట్ సిస్’ అనీ ఉంటుంది. షాపులో ఫార్మాట్ కొట్టి ఇచ్చారు. రెండు రోజులు బాగానే నడిచి మళ్లీ మొదలైంది. ఇప్పుడు మదర్‌బోర్డు పోయింది, మార్చాలి అంటున్నారు. అవతల డిగ్రీ అడ్మిషన్ల ‘దోస్త్’ దరఖాస్తుల కోసం పిల్లలు లైన్ కడుతున్నారు, ఏం చేయాలి?

అన్నా, మదర్‌బోర్డుకి ఇప్పుడే డబ్బులు పెట్టకండి. నేను హన్మకొండలో ఉంటూ చుట్టుపక్కల దుకాణాలకు, ఆఫీసులకు కంప్యూటర్లు, నెట్‌వర్కులు చూసుకుంటాను. ఈ బాపతు కేసులు ఏటా తగులుతూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం బోర్డు మార్చకుండానే దారికొచ్చాయి.

ముందు ఒక్క పని చేయండి. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ వరుసగా నొక్కుతూ ఉంటే బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర, తెరుచుకుంటుంది. అందులో ‘ఆన్‌బోర్డ్ ల్యాన్’ అనో ‘ల్యాన్ కంట్రోలర్’ అనో ఒకటి ఉంటుంది, బోర్డు మీదే ఉండే నెట్‌వర్క్ కార్డు అది. ఒక్కో బోర్డులో ఒక్కో పేరు, ఒక్కో మెనూలో ఉంటుంది, కొంచెం వెతకాలి. దాన్ని డిసేబుల్ చేసి, సేవ్ చేసి బయటికి రండి. ఇప్పుడు విండోస్‌కి ఆ కార్డు ఉన్నట్టే తెలియదు, కాబట్టి దాని డ్రైవర్, అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్ కూడా లోడ్ కాదు. మిషన్ నిలకడగా నడిచిందంటే గొడవ నెట్‌వర్క్ కార్డు దగ్గరో, దాని డ్రైవర్ దగ్గరో ఉన్నట్టే. అప్పటికీ బ్లూ స్క్రీన్ పడితే ల్యాన్‌ని వదిలేసి ర్యామ్ వైపు చూడాలి. ఐదు నిమిషాల పని ఇది. ఇది చేయకుండా ఫార్మాట్ కొట్టడం, బోర్డు మార్చమనడం నాకు అస్సలు నచ్చని పద్ధతి.

ల్యాన్ ఆపేస్తే నెట్ ఎట్లా అంటారా? ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి. అది బోర్డు మీది కార్డుని ముట్టుకోదు. ఈ గొడవ తేలేదాకా దరఖాస్తులు అట్లా నింపుకోవచ్చు.

ఇక ఆ స్క్రీన్ మీద కనిపించిన పేరు సంగతి. ఎన్‌డీఐఎస్ డాట్ సిస్ మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫైలే. కానీ అది కనిపించింది కాబట్టి విండోస్ పాడైపోయింది అనుకోవడం తొందరపాటు. విండోస్‌కీ, కార్డు కంపెనీ రాసిన డ్రైవర్‌కీ మధ్య నిలబడే పొర అది. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తిదారు లాంటిది: సరుకు తడిసి వచ్చినా, కొన్నాయన డబ్బులు ఆలస్యం చేసినా ముందు మాట పడేది మధ్యలో ఉన్న ఆయనే. అసలు దోషి చాలాసార్లు కింద ఉన్న కార్డు డ్రైవర్. కాకపోతే ఆ పొర మీదికెక్కి కూర్చున్న పాత వీపీఎన్, యాంటీవైరస్ లాంటివి. మీ మిషన్‌లో ఎప్పుడో వేసి వదిలేసిన వీపీఎన్ ఉంటే ముందు దాన్ని పీకేయండి.

అసలు పేరు తెలియాలంటే సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో మినీడంప్ ఫోల్డర్ చూడండి. క్రాష్ అయినప్పుడు మామూలుగా అక్కడ ఒక చిన్న ఫైల్ పడుతుంది. నిర్‌సాఫ్ట్ వాళ్ల బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత టూల్‌తో తెరిస్తే, ఆ సమయంలో నడుస్తున్న డ్రైవర్లను రంగుతో చూపిస్తుంది. ఇంకా నమ్మకంగా కావాలంటే మైక్రోసాఫ్ట్ విన్‌డీబీజీ ఉంది, కానీ దానికి ఓపిక కావాలి. ఫైల్ పేరు మొదట్లో ‘ఆర్‌టీ’ ఉంటే ఎక్కువగా రియల్‌టెక్, ‘ఈ1’ అని ఉంటే ఇంటెల్ ల్యాన్, ‘నెట్‌డబ్ల్యూటీడబ్ల్యూ’ అని ఉంటే ఇంటెల్ వైఫై.

స్క్రీన్ మీది ‘డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్’ అనే ఆ పొడుగు మాట భయపెడుతుంది గానీ, విషయం ఇంతే. నెట్‌వర్క్ కార్డుకి డేటా ప్యాకెట్ రాగానే ప్రాసెసర్ చేస్తున్న పని ఆపించి డ్రైవర్ తన పని చేసుకుంటుంది. ఆ అత్యవసర స్థితిలో ఉన్నప్పుడు, మెమరీలో లేని చోటుని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే హార్డ్ డిస్క్ నుంచి తెచ్చిపెట్టే వీలు విండోస్‌కి అప్పుడు ఉండదు, అందుకే మొత్తం ఆపేస్తుంది. దీని కోడ్ 0ఎక్స్‌డీ1. మీకు డెస్క్‌టాప్ వచ్చిన కొద్ది సెకన్లకు పడుతోందంటే దానికీ కారణం ఉండొచ్చు. డ్రైవర్ ముందే లోడ్ అవుతుంది గానీ, లింక్ లేచి, ఐపీ అడ్రస్ తీసుకుని, ప్యాకెట్లు నడిచేది అప్పుడే. ల్యాన్ కేబుల్ పీకి ఆన్ చేసి చూడండి. కేబుల్ లేకుంటే బాగుండి, పెట్టగానే పడితే అనుమానం మరింత గట్టిపడుతుంది.

మరి ఫార్మాట్ తర్వాత రెండు రోజులు ఎందుకు బాగుంది? నా లెక్క ప్రకారం, కొత్తగా వేసినప్పుడు విండోస్ తన దగ్గరున్న సాధారణ డ్రైవర్‌తో నడిపింది. తర్వాత విండోస్ అప్‌డేట్ వెనకాల ఉండి ఆ కార్డుకి వేరే డ్రైవర్ దించింది. దానితోనే మళ్లీ రోగం. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా కథ ఇట్లాగే తిరుగుతుంది, షాపు వాళ్లకి మాత్రం ప్రతిసారీ బిల్లు వస్తుంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, డ్రైవర్ ట్యాబ్‌లో తేదీ, వెర్షన్ రాసిపెట్టుకోండి. పక్కనే ఉన్న ఈవెంట్స్ ట్యాబ్‌లో డ్రైవర్ ఏ రోజు ఎక్కిందో కనిపిస్తుంది. అది క్రాష్ మొదలైన రోజుతో కలిస్తే ఇక ఆలోచించే పని లేదు.

ఎనుమాముల దగ్గర ఒక అడ్తి దుకాణంలో మిర్చి సీజన్ నడుస్తుండగా నాకు తగిలిన కేసు ఒకటి చెప్తాను, ఎందుకంటే దాన్లో ఉన్న కిటుకు మీకూ పనికొస్తుంది. బిల్లింగ్ కంప్యూటర్ పొద్దున్నే ఆన్ చేస్తే బ్లూ స్క్రీన్. ‘ఒక్కసారి పడుతది తమ్మీ, రెండోసారి మంచిగనే లేస్తది’ అన్నాడు సేటు. అందరూ కరెంటు మీద, యూపీఎస్ మీద అనుమానం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఆ ‘రెండోసారి మంచిగ’ అన్న మాట దగ్గరే దారి దొరికింది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ కొడితే విండోస్ పూర్తిగా మూతపడదు. విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌నీ, డ్రైవర్లనీ ఉన్నవి ఉన్నట్టు డిస్క్‌లో దాచి, మర్నాడు అక్కడి నుంచే లేపుతుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. క్రాష్ అయ్యాక వచ్చే బూట్ కూడా అలాంటిదే. అంటే ఆ డ్రైవర్ మొదటి నుంచి లేస్తే బాగుంటోంది, నిద్రలోంచి లేపితే తూలి పడుతోంది. ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను, పొద్దున గొడవ ఆగింది. ఆ తర్వాత తీరిగ్గా డ్రైవర్ మార్చాను. అయినా ఫాస్ట్ స్టార్టప్ మళ్లీ పెట్టలేదు. నాలుగు సెకన్లు ఆలస్యమైతే మార్కెట్‌లో ఎవరికీ నష్టం లేదు.

మీరు కూడా గమనించండి: షట్‌డౌన్ చేసి ఆన్ చేసినప్పుడే పడుతోందా, రీస్టార్ట్‌కీ పడుతోందా? మొదటిదైతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ‘చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ’ తెరిచి, పైన ఉన్న లింకు నొక్కాక ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్ తీసేయండి.

రీస్టార్ట్‌కీ పడితే డ్రైవర్‌ని తీయాల్సిందే. బయోస్‌లో ల్యాన్ ఆపితే మిషన్ నడుస్తుంది గానీ, ఆపి ఉన్నప్పుడు డివైస్ మేనేజర్‌లో కార్డు మామూలుగా కనిపించదు. అందుకే ల్యాన్‌ని బయోస్‌లో మళ్లీ ఎనేబుల్ చేసి, సేఫ్ మోడ్‌లో చేయడం మేలు. బూట్ అవుతుండగా పవర్ బటన్ గట్టిగా పట్టుకుని ఆపడం రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తానే రిపేర్ స్క్రీన్‌కి వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. వచ్చిన జాబితాలో 4 నొక్కండి. 5 వద్దు. 5 అంటే నెట్‌వర్కింగ్‌తో కూడిన సేఫ్ మోడ్, అందులో మీ డ్రైవర్ మళ్లీ లోడ్ అవుతుంది. 4తో బాగుండి 5తో పడితే అదే పెద్ద సాక్ష్యం. ఈ దారిలో డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగితే కంగారుపడొద్దు. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి చూడండి, చాలావరకు అక్కడే సేవ్ అయి ఉంటుంది.

సేఫ్ మోడ్‌లోకి వచ్చాక డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు మీద రైట్ క్లిక్ కొట్టి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ‘డిలీట్ ద డ్రైవర్ సాఫ్ట్‌వేర్’ అనే టిక్ తప్పకుండా పెట్టాలి. అది పెట్టకపోతే డ్రైవర్ డిస్క్‌లోనే ఉండిపోయి రీబూట్‌లో మళ్లీ ఎక్కుతుంది. ల్యాన్ కేబుల్ బయటే ఉంచండి, లేకపోతే విండోస్ అప్‌డేట్ క్రాష్ చేస్తున్నదాన్నే మళ్లీ తెస్తుంది. మదర్‌బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచి ల్యాన్ డ్రైవర్ ముందే వేరే మిషన్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మోడల్ తెలియకపోతే డివైస్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి. వెన్ 10ఈసీ అంటే రియల్‌టెక్, వెన్ 8086 అంటే ఇంటెల్. అన్ని డ్రైవర్లూ మేమే వేస్తామని చెప్పే అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోకండి, ఉన్న గొడవకి ఇంకోటి తగిలిస్తాయి. కొత్తదే కావాలని కూడా లేదు. ఫార్మాట్ తర్వాత రెండు రోజులు నడిచిన పాతదే మీ బోర్డుకి నప్పవచ్చు. డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ బటన్ వెలుగుతుంటే, అన్‌ఇన్‌స్టాల్ కంటే ముందు అది నొక్కి చూడండి. చివరగా, డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్‌లో ‘నో’ పెట్టండి. ప్రో ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీలో అప్‌డేట్లతో డ్రైవర్లు రాకుండా ఆపవచ్చు. హోమ్ ఎడిషన్‌లో ఆ ఎడిటర్ ఉండదు.

కెర్నెల్‌లో నడిచే ఏ ముక్క పాడైనా బూట్ దగ్గరే మిషన్ కూలవచ్చు, ఎంత పెద్ద కంపెనీకైనా అంతే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు ఇట్లాగే నీలం తెర చూపించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దానికీ మందు సేఫ్ మోడ్‌లోకి పోయి ఒక ఫైల్ తీసేయడమే. ఫార్మాట్ కాదు.

ఇక హార్డ్‌వేరే పోయి ఉండే అవకాశం. మన దగ్గర ఏప్రిల్, మే గాలివానల్లో ఇది ఎక్కువ చూస్తాను. స్తంభం మీంచి గానీ, పక్క బిల్డింగ్ నుంచి గానీ రాగి ల్యాన్ కేబుల్ లాగి ఉంటే, దగ్గర్లో పిడుగు పడ్డప్పుడు ఆ ఝలక్ నేరుగా పోర్టుకే వస్తుంది. కార్డు పూర్తిగా చావకుండా సగం చస్తుంది, అదే చిక్కు. డివైస్ మేనేజర్‌లో ఒకసారి ఉండి ఒకసారి మాయమవడం, ఒక గిగాబిట్ రావాల్సిన లింక్ వంద మెగాబిట్‌కో పదికో పడిపోవడం దాని గుర్తులు. స్పీడ్ పడిపోవడానికి కేబుల్ కూడా కారణం కావచ్చు కాబట్టి ముందు కేబుల్ మార్చి చూడండి. కార్డే అయితే బయోస్‌లో ఆన్‌బోర్డ్ ల్యాన్ శాశ్వతంగా ఆపేసి, ఒక యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ గానీ, స్లాట్‌లో పెట్టే చిన్న కార్డు గానీ కొనుక్కోండి. వెయ్యి రూపాయల లోపే వస్తుంది. ఫైబర్ పెట్టించుకున్నవాళ్లకి బయటి నుంచి ఆ తీగలో కరెంటు రాదు, కానీ ఇంట్లో పెట్టె నుంచి కంప్యూటర్ దాకా ఉన్నది రాగే. వాన మొదలైతే అది పీకేయడం మంచిది.

బయోస్‌లో ల్యాన్ ఆపినా బ్లూ స్క్రీన్ వస్తుంటే, స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ వెతికి నడపండి. రెండు ర్యామ్ ముక్కలుంటే ఒక్కోటి తీసి చూడండి. మీరు మళ్లీ రాసేటప్పుడు మూడు సంగతులు చెప్పండి: ల్యాన్ ఆపితే ఏమైంది, కేబుల్ తీస్తే ఏమైంది, మినీడంప్‌లో ఎన్‌డీఐఎస్ కాకుండా ఇంకే ఫైల్ పేరు కనిపించింది. బోర్డు మోడల్ కూడా రాస్తే ఏ డ్రైవర్ దించుకోవాలో చెప్తాను.