భోజనాలయ్యాక చుట్టాలతో ఏం ఆడించాలి? మా ఇంట్లో పనిచేసినవి, చెయ్యనివి

పాప బారసాలకి పాతికమంది వస్తున్నారు, భోజనాలయ్యాక సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంటారు, ఖర్చు లేకుండా వాళ్ళకి కాలక్షేపం ఏం పెట్టాలి అని అడిగారు. మాది విజయవాడ, సత్యనారాయణపురం. పండగైనా, పేరంటమైనా మావాళ్ళందరూ దిగేది మా ఇంట్లోనే కాబట్టి ఈ విషయంలో నాకు కొంచెం అనుభవం ఉంది. దెబ్బలు కూడా తిన్నాను.

ముందు ఆ దెబ్బ సంగతి చెప్తాను. ఒకసారి మా అబ్బాయి పుట్టినరోజుకి రెండు రాత్రులు కూర్చుని నలభై ప్రశ్నలతో క్విజ్ తయారుచేశాను. ఆరో ప్రశ్నకే మా చిన్నాన్న గురక అందుకున్నారు. జవాబులన్నీ ఇద్దరు పిల్లలే చెప్పేస్తుంటే మిగతావాళ్ళు "మంచినీళ్ళు తాగొస్తా" అంటూ ఒక్కొక్కరే జారుకున్నారు. నలుగురిలో తెలియదనిపించుకోవడం ఎవరికిష్టం చెప్పండి? అప్పటినుంచి నేను చూసుకునేది ఒకటే. ఆడేది నలుగురైనా ఫర్వాలేదు, చుట్టూ కూర్చున్న ఇరవైమందికి అరవడానికీ సలహాలివ్వడానికీ వీలుండాలి.

ఆ లెక్కన అష్టాచెమ్మాని మించింది నాకు కనబడలేదు. హాల్లో సుద్దముక్కతో అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్ళు గీయండి. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడి గడిలోనూ ఇంటూ మార్కు పెట్టండి. ఆ గళ్ళలో ఉన్న కాయని ఎవరూ చంపకూడదు. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. ఈ రెండింటికీ ఇంకో పందెం వేసుకోవచ్చు. కాయలుగా గాజుముక్కలు, చొక్కా గుండీలు, ఏవైనా సరిపోతాయి.

మొదటిసారి మాకు గవ్వలు దొరకలేదు. మా అత్తయ్య వంటింట్లోంచి చింతపిక్కలు తెచ్చి, మెట్ల మీద కూర్చుని, గచ్చు మీద రెండు చుక్కల నీళ్ళు వేసి ఒక్కో పిక్కనీ ఒకవైపు అరగదీయడం మొదలుపెట్టారు. నల్లపొట్టు పోయి తెల్లటి పప్పు తేలేదాకా రుద్దడం, చీరకొంగుతో తుడిచి వెలుతురులో చూడటం, మళ్ళీ రుద్దడం. నాలుగు పిక్కలకి పావుగంట పట్టింది. ఆ పావుగంటలోనే ఫోన్లలో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే వచ్చి "నేను రుద్దుతా, నేను రుద్దుతా" అని ఆవిడ చుట్టూ మూగారు. తెల్లవైపు పైకి పడితే గవ్వ వెల్లకిలా పడినట్టే లెక్క. మీ ఇంట్లో గవ్వలున్నా సరే, దాచిపెట్టి పిక్కలతోనే ఆడించమంటాను.

ఒక్క సంగతి మాత్రం ముందే తేల్చుకోండి. ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్ళలోకి వెళ్ళొచ్చా, వెళ్ళకూడదా? మా ఇంట్లో వెళ్ళొచ్చు. గుంటూరు నుంచి వచ్చిన మా పిన్ని చచ్చినా ఒప్పుకోలేదు. ఆట ఆగిపోయి ఇరవై నిమిషాలు పంచాయితీ నడిచింది. నిజం చెప్పాలంటే ఆరోజు అందరికీ బాగా గుర్తుండిపోయింది ఆ పంచాయితీయే.

పాతికమందీ ఒకేసారి ఆడాలంటే హౌసీ. టికెట్లు కొనక్కర్లేదు. ముందురోజు పిల్లలకి స్కేలు, పాత నోటుపుస్తకం ఇస్తే వాళ్ళే గీసేస్తారు. మూడు వరసలు, తొమ్మిది నిలువు గళ్ళు, వరసకి ఐదు అంకెల చొప్పున మొత్తం పదిహేను. 1 నుంచి 90 దాకా చీటీలు రాసి స్టీలు చెంబులో వెయ్యండి. అయితే హౌసీ రక్తికట్టేది అంకెలు పిలిచే మనిషిని బట్టి. మా పెదనాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన చెంబు పట్టుకుంటే "నలభై ఏడు, నలభై ఏడు దిగాలి! టికెట్ లేనివాళ్ళు చెప్పాలి, లోపలికి జరగాలి" అని బస్సు నడిపించేస్తారు. ఆడనివాళ్ళు కూడా ఆయన్ని వినడానికే కూర్చుంటారు. మీ చుట్టాల్లో బడిపంతులో, కూరగాయలు బేరమాడటంలో ఆరితేరిన అత్తయ్యో ఉండకపోరు, వాళ్ళకి అప్పగించండి. మీరు మాత్రం పిలవకండి, ఇంటివాళ్ళకి మధ్యలో టీ పెట్టే పని తగులుతుంది. బహుమతులకి డబ్బులొద్దు. మేము పిలిచిన అంకెల్లో తమ టికెట్లోవి అందరికంటే ముందు ఐదు కొట్టేసినవాళ్ళకి బందరు లడ్డూ, ఫుల్ హౌస్‌కి, అంటే పదిహేనూ ముందు కొట్టేసినవాళ్ళకి, స్టీలు డబ్బా పెట్టాం. ఆ డబ్బా కోసం మా వదినలిద్దరూ పడ్డ టెన్షన్ చూడాలి! పెదనాన్న ఈల కూడా తెచ్చుకునేవారు, అది మాత్రం మీ ఇంట్లో వద్దు. పసిపాప ఉలిక్కిపడుతుంది.

పోపులపెట్టె ఆట ఐదు నిమిషాలదే, కానీ మగవాళ్ళని కదిలించడానికి మంచి మందు. కళ్ళకి తువ్వాలు కట్టి వాము, జీలకర్ర, సోంపు, మెంతులు, ధనియాలు ఒక్కొక్కటే వాసన చూపించండి. రోజూ కూరకి వంక పెట్టే మా బావగారు ధనియాలని సోంపన్నారు, వాముని జీలకర్రన్నారు. మా అక్క ఆ మాట ఇప్పటికీ వదల్లేదు. కారం, మిరియాల పొడి జోలికి మాత్రం వెళ్ళకండి.

అంత్యాక్షరి అందరూ చెప్తారు గానీ నాకు అంత నమ్మకం లేదు. బాగా పాడే ఇద్దరు మొత్తం లాగేసుకుంటారు, ఒకాయన పల్లవితో ఆగక చరణాలు కూడా అందుకుంటారు.

కరెంటు పోతే పొడుపుకథలు. "అమ్మ అంటే దగ్గరికొస్తాయి, అయ్య అంటే దూరం పోతాయి" అని ఒకటి వదలండి. చీకట్లో పిల్లలందరూ అమ్మ, అయ్య, అమ్మ, అయ్య అని నోటి మీద వేళ్ళు పెట్టుకుని చూసుకుంటుంటారు. పెదవులని ఎవరో ఒకరు అరిచేదాకా చెప్పకండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అంటే కనురెప్పలు. ఇలాంటివి మీ ఇంటి పెద్దావిడ దగ్గర ఇంకో పది ఉంటాయి, ఒకటి మీరు మొదలుపెడితే చాలు.

ఇంకొకటి, ఇంట్లో పాకే పిల్లలెవరైనా ఉంటే ఆట అయిపోగానే పిక్కలు, గుండీలు లెక్కపెట్టి తీసెయ్యండి. మాకు ఒకసారి నాలుగు పిక్కల్లో మూడే తేలాయి. ఇల్లంతా వెతికాక నాలుగోది మా చిన్నాన్న జేబులో దొరికింది.