ఒడియా బడిలో తెలుగు పిల్లలు, సవర పిల్లలు: పర్లాకిమిడి వైపు పనిచేసిన టీచరుగా నా జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒడిశాలోని గజపతి జిల్లాలో సరిహద్దు పల్లెలోని ప్రాథమిక బడిలో కొత్తగా చేరానన్నారు. రెండో తరగతిలో ఇరవై ఆరు మంది ఉంటే తొమ్మిది మంది ఇంట్లో తెలుగు, ఆరుగురు సవర అనే గిరిజన భాష మాట్లాడతారని, ఒక కుర్రాడు మూడు నెలలుగా నోరే విప్పలేదని, పనికోసం వచ్చిపోయే కుటుంబాల పిల్లలు టీసీ (పాత బడి ఇచ్చే బదిలీ పత్రం) లేకుండా మధ్యలో వస్తున్నారని రాశారు. "ఇంట్లో కూడా ఒడియాలోనే మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పు, అదే సర్దుకుంటుంది" అని తోటి టీచర్లు అంటున్నారట. ఆ సలహా సరైనదేనా అని అడిగారు.

కాదు. దయచేసి ఆ మాట ఏ తల్లికీ చెప్పకండి. నేను ఒకసారి చెప్పాను కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

నేను ఆ జిల్లాలోనే పర్లాకిమిడిలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ. ఇరవై మూడేళ్ళు ఆ చుట్టుపక్కల బళ్ళలోనే పాఠాలు చెప్పాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకటో తరగతికి ఒక పాప వచ్చింది. తండ్రి తాపీ మేస్త్రి, టెక్కలి వైపు నుంచి పనికోసం వచ్చిన కుటుంబం. పాప బడిలో గోడకి ఆనుకుని కూర్చునేది, ఏదడిగినా తల దించుకునేది. తల్లిని పిలిపించి, "ఇంట్లో కూడా ఒడియాలోనే మాట్లాడమ్మా, అలవాటవుతుంది" అన్నాను. ఆవిడ "అలాగే టీచరమ్మా" అని వెళ్ళిపోయింది. రెండు నెలల తర్వాత పాప జ్వరమొచ్చి బడికి రాకపోతే చూసిరావడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ గంజి గిన్నె పాప ముందు పెట్టి "ఖా" అంది. తాగాక దుప్పటి కప్పి "సో" అంది. పక్కనున్న పుస్తకాల సంచి చూపించి, నా ముందు మంచిగా కనిపించాలని కాబోలు, "పొఢొ" అంది. తిను, పడుకో, చదువు. ఆవిడకి వచ్చిన ఒడియా ఆ మూడు ముక్కలే. ఎక్కడ నొప్పిగా ఉందమ్మా అని బిడ్డను అడగడానికి ఆవిడ దగ్గర మాట లేదు. ఉన్న తెలుగు మాటను వాడొద్దని చెప్పింది నేనే. ఆ పూట అక్కడే కూర్చుని, "అమ్మా, నేను తప్పు చెప్పాను, నీ మాటల్లోనే మాట్లాడు, ఎంత మాట్లాడితే అంత మంచిది" అని చెప్పి వచ్చాను. ఆవిడ మొహం విప్పారడం ఇప్పటికీ గుర్తుంది.

ఇంట్లో అమ్మ "వాన పడితే బట్టలు తడిసిపోతాయి, అందుకని ముందే తీసేద్దాం" అంటే, బిడ్డకి కారణం, ఫలితం, ముందు, తర్వాత అన్నీ అందులోనే అందుతాయి. తెలుగులో ఆ ఆలోచన కుదిరిన పిల్లకి ఒడియా మాట నేర్పడం మన చేతుల్లో పని. ఆలోచనే కుదరని పిల్లకి ఏ భాషలో చెప్పినా తడబాటే. అందుకే తల్లిదండ్రులకు ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటే: మీకు బాగా వచ్చిన భాషలో ఎక్కువ మాట్లాడండి, కథలు చెప్పండి, ఒడియా సంగతి బడి చూసుకుంటుంది.

ఇది కొత్త ఆలోచన అనుకోకండి. మన పర్లాకిమిడిలోనే రాజావారి బడిలో టీచరుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు తాను సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చెప్పాలని పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం కానీ, ఆయన చేసిన సవర పని గురించి ఆ రోజు మాట్లాడేవాళ్ళు తక్కువ. నాకది బాధగా ఉంటుంది. 2007లో ఒడిశా ప్రభుత్వం సవరతో సహా పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది, తర్వాత ఇరవై ఒక్క భాషలకు పెంచింది. మీ బడికి సవర వాచకాలు వచ్చాయో లేదో బీరువా తెరిచి చూడండి. ఒక బడిలో అవి కట్ట విప్పకుండానే ఉండడం నేను చూశాను.

తెలుగు పిల్లలకి అలాంటి వాచకాలు చేతికి రావు. భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చెప్పే సౌకర్యం కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతుంది. నేను పనిచేసిన ఒక బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు మళ్ళీ నిండనే లేదు. కాబట్టి మన తరగతిలో మనం చేయగలిగింది మనమే చేయాలి.

దానికి ముందు రెండు భాషలూ ఎక్కడెక్కడ ఢీకొంటాయో మీకు తెలియాలి. ఒక సంఘటన చెబుతాను. తరగతి అయ్యాక కింద ఒక పుస్తకం దొరికింది. మా తోటి గురుమా, అంటే టీచరమ్మ, దాన్ని పైకెత్తి "ఎ బొహి కాహారొ?" (ఈ పుస్తకం ఎవరిది?) అని అడిగారు. ముందు వరసలో ఉన్న తెలుగు పిల్లాడు లేచి "నా" అన్నాడు. ఆవిడ "సరే, నీది కాదు" అనుకుని పక్కవాళ్ళని అడిగారు. వాడు మళ్ళీ "నా, నా" అన్నాడు, ఈసారి కళ్ళలో నీళ్ళతో. ఒడియాలో "నా" అంటే కాదు. వాడు చెబుతున్నది నాది అని. చివరికి పుస్తకం ఎవరిదో తేలక బల్ల మీదే ఉండిపోయింది. సాయంత్రం వాడు నా దగ్గరికి వచ్చి తెలుగులో చెబితే గానీ సంగతి అర్థం కాలేదు. "మా" కూడా ఇంతే. "మా ఇల్లు" అని పిల్ల తెలుగులో మొదలుపెడితే, ఒడియా చెవికి అమ్మ గురించి చెబుతున్నట్టు వినబడుతుంది.

ఇంకోటి, మర్యాద. మనకి నువ్వు, మీరు రెండే. ఒడియాలో చనువు నుంచి గౌరవం దాకా తు, తుమే, ఆపొణొ మూడు. మన పిల్లలు ఒడియా ముందుగా నేర్చుకునేది ఆటస్థలంలో. అక్కడ దొరికేది "తు" మాత్రమే. మధ్యాహ్న భోజనం అయ్యాక ఒక పాప ప్రేమగా ఒక టీచరు దగ్గరికి వెళ్ళి "గురుమా, తు ఖాఇలు కి?" అని అడిగింది. తిన్నారా అని అడగాలని దాని ఉద్దేశం. తరగతి గొల్లుమంది, ఆ టీచరు కోపగించుకున్నారు. ఆ పాప తర్వాత చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేదు. మర్నాడు నేను తరగతి మొత్తానికి ఒక ఆట పెట్టాను: తమ్ముడిని, నేస్తాన్ని, తాతని, గురుమాని ఒకే ప్రశ్న అడగాలి. "ఆపొణొ ఖాఇలే కి?" అనడం ఒక్క గంటలో వచ్చేసింది. ఒడియా పిల్లలు కూడా అందులో తప్పులు చేశారు, దాంతో ఆ పాప కాస్త తేలికపడింది.

డిక్టేషన్‌లో కూడా గమనించండి. "ఘొరొ" (ఇల్లు) అని మనం పలికితే ఒడియా పిల్ల రెండు అక్షరాలు ఏ గుర్తూ లేకుండా రాస్తుంది, ఎందుకంటే ఆ భాషలో అకారమే అలా గుండ్రంగా పలుకుతుంది. తెలుగు పిల్ల విన్నది విన్నట్టు రెండింటికీ ఓత్వం పెడుతుంది. ఎర్ర సిరాతో సున్నా వేసే ముందు, ఆ పిల్ల చెవి ఎంత బాగా పనిచేస్తోందో చూడండి. అకారం పలికే తీరు విడిగా ఒక పూట చెప్పేస్తే ఈ తప్పు చాలావరకు పోతుంది.

లెక్కల దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే పిల్లలను మొద్దులని ముద్ర వేసేది అక్కడే. తెలుగులో ఇరవై, అయిదు తెలిసినవాడికి ఇరవై అయిదు ఎవరూ నేర్పక్కర్లేదు. ఒడియాలో వందలోపు అంకెలు చాలావరకు విడివిడిగా నోటికి రావాలి. ఇరవై అయిదు పొచిసి, యాభై పొచాసొ. కొత్త చెవికి రెండూ ఒకలాగే ఉంటాయి. ముప్ఫై తొమ్మిది ఒణొచాళిసి, అంటే నలభైకి ఒకటి తక్కువ అన్నట్టు. నోటి లెక్క అడిగినప్పుడు తెలుగు పిల్ల తప్పు చెబితే, అది లెక్క రాకనా, పొచిసికి పొచాసొ విన్నదా అన్నది అదే లెక్క తెలుగులో అడిగి చూస్తేనే తెలుస్తుంది. రాతలో ఇంకో చిక్కు. విశాఖలో రెండేళ్ళు చదివి వచ్చిన ఒక కుర్రాడు ఒడియా పుస్తకంలో నాలుగు, మూడు కూడమంటే 11 అని రాశాడు. అలా అన్ని కూడికలూ తప్పే. ఒడియా నాలుగు అంకె చూడండి, తల మీద తెరిచిన 8లా ఉంటుంది. వాడు ఎనిమిదికి మూడు కలిపాడు, పదకొండు సరైన జవాబే. ఒక కాగితం మీద రెండు వరసల్లో ఒడియా అంకెలు, మామూలు అంకెలు రాసి వాడి బల్లకి అతికించాను. వారంలో సర్దుకున్నాడు.

అందుకే నా మొదటి సలహా ఇది. కొత్త పిల్ల ఎవరొచ్చినా, ఆ పిల్లకి ఏం రాదో తేల్చే ముందు ఆ పిల్ల భాషలో ఒక్కసారి అడిగించండి. మీకు తెలుగు వచ్చు కాబట్టి సగం పని సులువు. సవరకి వంట చేసే ఆవిడనో, అయిదో తరగతి పిల్లనో పిలవండి. అయితే ఒకే పిల్లని రోజూ దుబాసీగా వాడకండి, దాని చదువు పోతుంది.

ఇక మీ మాట్లాడని కుర్రాడు. కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని నెలలు వింటూ ఊరుకోవడం మామూలే. వాళ్ళకి లోపల చాలా ఎక్కుతూ ఉంటుంది. వాడు ఇంట్లో ఎలా ఉన్నాడో కనుక్కోండి. ఇంట్లో గలగలా మాట్లాడుతుంటే టెన్షన్ పడకండి. నిలబెట్టి చెప్పించడం మానేసి, చూపించే పని, గీసే పని, పంచే పని ఇవ్వండి. నేనైతే సుద్దముక్కలు పంచే బాధ్యత ఇచ్చేదాన్ని, ఎవరో ఒకరు అడుగుతారు, ఏదో ఒకటి అనక తప్పదు. పక్కన రెండు భాషలూ వచ్చిన నెమ్మది పిల్లని కూర్చోబెట్టండి. జవాబు ముందు తెలుగులో చెప్పుకోనివ్వండి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒడియాలోకి తెచ్చుకుంటారు. తరగతిలో తెలుగు వినబడితే క్రమశిక్షణ పోయిందని ఎవరైనా అంటే, వాళ్ళు లెక్క గురించే మాట్లాడుకుంటున్నారని చెప్పండి. ఇంట్లో కూడా మాట తక్కువగా ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి, ముందు చెవులు చూపించాలి. పిల్లల ఆరోగ్య పరీక్షలకి బడికి వచ్చే ప్రభుత్వ వైద్య బృందానికి ఆ పేరు ప్రత్యేకంగా చెప్పండి.

పుస్తకాల గురించి. ఆంధ్ర ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి. సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం పక్కనే కదా, ఎవరి దగ్గరైనా పాత లెక్కల పుస్తకం దొరుకుతుంది. బడి పుస్తకాలుండే ప్రభుత్వ దీక్షా యాప్‌లో కూడా చూడొచ్చు. భిన్నాలు ఒడియాలో చెప్పే ముందు రోజు ఆ తెలుగు పేజీ ఇంటికి ఇచ్చి పంపితే, మర్నాడు ఆ పిల్ల చేయి ఎత్తుతుంది.

టీసీ లేని పిల్లల సంగతి సూటిగా చెబుతాను. 2009 విద్యా హక్కు చట్టం అయిదో సెక్షన్ ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదు. వయసు కాగితం లేదని కాదనకూడదని పద్నాలుగో సెక్షన్ ఉంది. బడి ముఖమే చూడని పిల్లని కూడా వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేకంగా నేర్పాలని నాలుగో సెక్షన్. వలస కుటుంబాల పిల్లలను చేర్పించడం స్థానిక సంస్థల బాధ్యత అని తొమ్మిదో సెక్షన్. వీటిని ఒక కాగితం మీద రాసి హెడ్ సార్ బల్ల మీద పెట్టండి. గొడవ పెట్టుకోవాల్సిన పని ఉండదు, చాలామందికి తెలియకే వెనక్కి పంపుతారు.

వెళ్ళిపోయే పిల్లలకి మాత్రం నేను ఒక పని చేసేదాన్ని, అది మీరూ చేయండి. కుటుంబం సామాను సర్దుతోందని తెలియగానే ఒక కాగితం రాసి ఇచ్చేదాన్ని. ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, ఏ పాఠం దాకా వచ్చింది, కూడికలో ఎక్కడ తడబడుతున్నాడు, ఏ ఆట ఇష్టం. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. ఒక కుర్రాడికి అలా ఇచ్చి పంపితే, ఆరు నెలల తర్వాత వానలు మొదలయ్యాక మళ్ళీ మా బడికే వచ్చాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన ఆ కాగితం తీశాడు. కింద నీలం సిరాతో ఆంధ్ర టీచరెవరో తెలుగులో రాశారు: "భాగహారం మొదలుపెట్టాం, రెండంకెల దాకా చేస్తాడు. కథలు బాగా చెబుతాడు, అడగండి."