గాల్‌హోపిగ్గెన్‌కి అమ్మానాన్నలతో వెళ్లొచ్చా? కింద లోయలో చూడటానికేమైనా ఉందా?

వెళ్లొచ్చు. కాకపోతే ఎవరు ఎక్కుతారు, ఎవరు కింద ఉంటారు అన్నది ముందే తేల్చుకోండి. నార్వేలోకెల్లా ఎత్తైన శిఖరమే గానీ 2469 మీటర్లే, మన ఊటీ దొడ్డబెట్ట ఇంతకన్నా ఎత్తు. తేడా అంతా మంచుతోనే.

యువాస్‌హిట్టా వసతి గృహం దాకా కారు వెళ్తుంది, టోల్ కట్టాలి. అదే 1841 మీటర్ల మీద ఉంది కాబట్టి ఎక్కాల్సింది తక్కువ. అయితే మధ్యలో స్టిగ్గెబ్రేన్ హిమానీనదం దాటాలి. మంచు కింద పగుళ్లు కనిపించవు, అందుకే గైడు అందర్నీ ఒకే తాడుకి కట్టి నడిపిస్తాడు. నేను వెళ్లింది ఈ దారినే. నిజం చెప్పాలంటే మంచు మీద నడక హాయిగానే ఉంది, దాని తర్వాత వచ్చే రాళ్ల గుట్టల దగ్గరే మోకాళ్లు మొరాయించాయి. స్పీటర్‌స్టూలెన్ అనే మరో వసతి గృహం నుంచి వెళ్లే దారిలో హిమానీనదం లేదు, కానీ 1300 మీటర్లకు పైగా ఎక్కాలి. అరవై దాటిన మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులున్నాయన్నారు కాబట్టి రెండూ వద్దంటాను.

ఆయన్ని కింద లోయలో ఉన్న లోమ్ అనే ఊళ్లో ఉంచండి, అస్సలు విసుగు రాదు. పన్నెండో శతాబ్దంలో కట్టిన కొయ్య చర్చి ఇంకా నిలబడి ఉంది, కప్పు అంచుల్లో డ్రాగన్ తలలు. ఏటి ఒడ్డున బేకరీ ఉంది, పొద్దున్నే క్యూ కడతారు.

నాకు మాత్రం లోయే ఎక్కువ నచ్చింది, మాది అనంతపురం కాబట్టేమో. అట్లాంటిక్ నుంచి వచ్చే తడిగాలిని పడమటి కొండలు ఆపేస్తాయి. పశ్చిమ కనుమల చాటున మనకి జరిగేదీ ఇదే. పక్కనున్న షోక్ ప్రాంతంలో ఏడాదికి 300 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప, అంటే అనంతపురం కన్నా బాగా తక్కువ! కొండ మీది వాగుల నీళ్లని కాలువలు తీసి, కొయ్య దోనెల్లో పారించి, శతాబ్దాల పాటు పొలాలు తడుపుకున్నారు అక్కడి రైతులు. ఇప్పుడు స్ప్రింక్లర్లు వచ్చాయి. మా తాతలాంటి వాళ్లయితే శిఖరం వంక చూడకుండా ఆ కాలువల వెంటే నడిచేవాళ్లు.

తిరుగు ప్రయాణం వచ్చిన దారినే వద్దు. 55వ నంబరు రోడ్డు మీద బోవర్‌దాలెన్ లోయ గుండా సోగ్నెఫ్యెల్ కొండలు దాటి ఫ్యోర్డు (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) వైపు దిగండి. చలికాలంలో ఆ రోడ్డు మూసేస్తారు, మీరు వెళ్లేది ఆగస్టు కాబట్టి ఇబ్బంది లేదు. 1434 మీటర్ల ఎత్తు దాటాక అవతల వైపుకి గొడుగు మాత్రం చేతికందేలా పెట్టుకోండి.