మోటార్ స్పోర్ట్ బెట్టింగ్‌కి రుణపడి ఉందా? హమమత్సులో నేను చూసింది చెబుతాను

మీ స్నేహితుడి వాదన ఇదీ అని రాశారు: గుర్రప్పందేలు బెట్టింగ్ వల్లే బతుకుతున్నాయి, కార్ల రేసులూ అంతే, ఆ డబ్బు లేకపోతే ఫార్ములా వన్ ఎప్పుడో మూతపడేది అని. ఫార్ములా వన్ విషయంలో ఆయన మాట తప్పు. అయితే ఆయన చెప్పినట్టే బతుకుతున్న మోటార్ రేసు ఒకటి నిజంగానే ఉంది. దాన్ని కళ్లారా చూశాను, అక్కడ 100 యెన్లు పోగొట్టుకున్నాను కూడా.

ఉద్యోగం మీద నాలుగేళ్లు జపాన్‌లోని హమమత్సులో ఉన్నాను. హోండా, సుజుకీ, యమహా మూడూ మొలకెత్తిన ఊరు అది. ఊళ్లో మోటార్ సైకిల్ రేసులు జరిగే ట్రాక్ ఉందని తెలిసి ఎగిరి గంతేశాను. మా సెక్షన్‌లో రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ పెద్దాయన ఒకరు ఆదివారం తీసుకెళ్తానన్నారు. తీరా వెళ్లి చూస్తే నేను ఊహించుకున్న రేసు అది కాదు. జెండాలు లేవు, కుర్రకారు లేరు. చెవి వెనక పెన్సిల్, చేతిలో నలిగిన పేపరు పట్టుకున్న ముసలివాళ్లు. ఒక మూల పేగుల కూర గిన్నెలో ఉడుకుతోంది. రైడర్ల పేర్లు ఎవరూ అరవడం లేదు, నంబర్లు అరుస్తున్నారు. భీమవరం వైపు సంక్రాంతికి బరి చుట్టూ నిలబడ్డవాణ్ణి కాబట్టి ఆ మొహాలు నాకు కొత్త కాదు. వాళ్లు ఆట చూడటానికి వచ్చినవాళ్లు కాదు, లెక్క చూసుకోవడానికి వచ్చినవాళ్లు.

దీన్ని ఆటో రేస్ అంటారు. యుద్ధం తర్వాత ఖాళీ అయిన స్థానిక ఖజానాలు నింపుకోడానికి 1950లో ప్రత్యేకంగా చట్టం చేసి మొదలుపెట్టారు. మొదటి రేసు ఆ అక్టోబరులో టోక్యో పక్కనున్న ఫునబాషిలో జరిగింది. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైందీ ఆ ఏడాదే, మే నెలలో, ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే మీ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

500 మీటర్ల చుట్టు, మామూలుగా ఆరు రౌండ్లు, ఎనిమిది బైకులు. వాటికి బ్రేకులుండవు. ఎడమ బూటుకి ఇనుప అడుగు తొడుక్కుని, మలుపులో ఆ కాలు నేలకి రాస్తూ పోతారు. పందెం డబ్బులో సుమారు 70 శాతం గెలిచినవాళ్లకి తిరిగిపోతుంది, మిగిలిన 30లోంచే నిర్వహణ, ప్రైజు డబ్బు, నగరపాలక సంస్థ వాటా అన్నీ రావాలి. అంటే టికెట్ కొనేవాడే ఈ ఆటకి అన్నదాత. ఇక్కడ ఎవరైనా "మేం బెట్టింగ్‌కి ఏమీ బాకీ లేం" అంటే నవ్వుతారు.

నన్ను పట్టుకున్న విషయం డబ్బు కాదు, ఆ డబ్బు ఆటని మలిచిన తీరు. చాలా రేసుల్లో గట్టి రైడరు మిగతావాళ్ల కంటే వెనక గీత నుంచి బయల్దేరాలి. కొత్తవాడు ముందు, చాంపియన్ ముప్పై నలభై మీటర్లు వెనక. ఎందుకని అడిగాను. పెద్దాయన నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసి, "గెలిచేవాడెవడో ముందే తెలిస్తే టికెట్ ఎవడు కొంటాడు?" అన్నారు. ఫార్ములా వన్‌లో దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. శనివారం వేగంగా నడిపినవాడికి ఆదివారం అందరికంటే ముందు చోటు ఇస్తారు. 2023లో వెర్‌స్టాపెన్ అనే డ్రైవర్ 22 రేసుల్లో 19 గెలిచాడు. పందేల మీద బతికే ఆటైతే, నాలుగో రేసుకే అతన్ని ఎక్కడో వెనక నిలబెట్టి ఉండేవారు. మనం విసుక్కున్నాం, ఆవలించాం, కానీ ఎవరూ ఆపలేదు. ఆ ఆటని బెట్టింగ్ నడపడం లేదనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకోటి. ఆటో రేస్ రైడర్లు ముందురోజే ఫోన్లు అప్పగించి హాస్టల్లోకి వెళ్లిపోవాలి. రేసులు అయ్యేదాకా బయటి మనిషితో మాట ఉండదు. ఫిక్సింగ్ భయం. 1996లో స్మాప్ అనే పాప్ బ్యాండ్‌లోంచి గాయకుడు మోరి కత్సుయుకి ఈ రేసుల్లోకి వెళ్లిపోయినప్పుడు జపాన్ అంతా నోరెళ్లబెట్టిందట. నాకూ ఆశ్చర్యమే, అంత పేరున్న మనిషి ఈ గదిలోకి ఎలా వెళ్లాడా అని. ఇంజను సంగతి మరీ విచిత్రం. యంత్రాల్ని మెరుగుపరచడం కూడా ఆ 1950 చట్టంలో రాసుకున్న లక్ష్యమే. 1993 నుంచి మాత్రం అందరికీ ఒకే సుజుకీ ఇంజను. ఇంజనీరుగా నాకు బాధేసింది, పందెం కాసేవాడికి మాత్రం అదే న్యాయం.

ఇక ఫార్ములా వన్. దాన్ని మోసింది కార్ల కంపెనీలు, సిగరెట్ కంపెనీలు, టీవీ హక్కులు. 1968లో లోటస్ టీమ్ కారు గోల్డ్ లీఫ్ అనే సిగరెట్ బ్రాండ్ రంగులు పూసుకుంది. అక్కణ్ణుంచి 2005లో యూరప్ నిషేధం వచ్చేదాకా పొగాకు డబ్బు పారింది. రుణం అంటూ ఉంటే అది సిగరెట్‌కి, అది వేరే గొడవ. బెట్టింగ్ పెద్ద ఎత్తున వచ్చింది 2018లో, ఆటకి 68 ఏళ్లు వచ్చాక. బెట్టింగ్ స్పాన్సర్‌షిప్ కోసం 100 మిలియన్ డాలర్లకు పైగా విలువైన ఒప్పందమని అప్పుడు వార్తలొచ్చాయి. 2024లో సాబర్ టీమ్ ఏకంగా స్టేక్ అనే బెట్టింగ్ సంస్థ పేరే పెట్టుకుంది. అలాంటి ప్రకటనలు కుదరని దేశాల్లో ఆ పేరు తీసేసి నడిపారు. తీసేస్తే కారుకేం కాలేదు. 2026కి ఆ టీమ్ ఆడీ చేతికి పోయింది.

పాత రోజుల్లో లాటరీతో ముడిపడ్డ కార్ల రేసు లేదా అంటే, ఉంది. 1933 ట్రిపోలీ గ్రాండ్ ప్రీ. లాటరీ టికెట్లకి డ్రైవర్ల పేర్లు రేసుకి ముందే జతచేశారు. ఇటలీ డ్రైవర్ వార్జీ, తన దేశపువాడే అయిన నువొలారి కంటే సెకనులో ఐదో వంతు తేడాతో గెలిచాడు. డ్రైవర్లు టికెట్ల వాళ్లతో కుమ్మక్కయ్యారన్న కథ తర్వాత దశాబ్దాల పాటు నడిచింది. చరిత్రకారులు దాన్ని చాలావరకు కొట్టేశారు, పుకారు మాత్రం పోలేదు.

నేను వెళ్లిన రోజు మధ్యాహ్నం వాన పడింది. తడి ట్రాక్ మీద లోపలి గీత పట్టుకోలేక అందరూ వెడల్పుగా తిరుగుతుంటే, అప్పటిదాకా వేసిన లెక్కలన్నీ తారుమారయ్యాయి. నా నాలుగో నంబరు ఆఖరున వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ ఆరు రౌండ్లు నేను బైకు నడిపే తీరు చూడనేలేదు, నీలం చొక్కా ఎక్కడుందో వెతుక్కుంటూనే గడిపాను.

తిరుగు దారిలో పెద్దాయన ఫునబాషి గురించి చెప్పారు. కుర్రతనంలో అక్కడికి రైలెక్కి వెళ్లేవారట. జనం తగ్గారు, టికెట్లు తగ్గాయి. అన్నిటికంటే ముందు పుట్టిన ఆ ట్రాక్‌ని 2016 మార్చిలో మూసేశారు.