1970ల నాటి దూకుడు సంగీతం పంక్ రాక్‌లో గేయ్ అడ్వర్ట్ ఎవరు? ఆమెకు అంత పేరెందుకు?

అసలు పేరు గేయ్ బ్లాక్. 1956లో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో పుట్టింది. గాయకుడు టి.వి. స్మిత్‌తో కలిసి లండన్ వచ్చి, 1976లో ‘ది అడ్వర్ట్స్’ బ్యాండ్ మొదలుపెట్టి బేస్ గిటార్ పట్టింది. మరుసటి ఏడాది వాళ్ల పాట ఒకటి బ్రిటన్ చార్టుల్లో 18వ స్థానానికి చేరింది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, తొలి సింగిల్ (విడి పాటల చిన్న రికార్డు) కవర్ మీద స్టిఫ్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ వాళ్లు మిగతా ముగ్గురినీ వదిలేసి ఈమె ముఖమే అచ్చేశారు. పత్రికలదీ అదే వరస: వాయింపు సంగతి తక్కువ, లెదర్ జాకెట్, దట్టమైన కాటుక గురించే ఎక్కువ. ఆమెకది బొత్తిగా నచ్చేది కాదు. అయినా పంక్ తొలి మహిళా స్టార్లలో ఒకరిగా నిలిచింది. అమ్మాయంటే పాడటానికే అనుకునే రోజుల్లో, పక్కన నిలబడి బేస్ వాయించడమే నా లెక్కలో అసలు విశేషం.

1979లో బ్యాండ్ విడిపోయింది. తర్వాత ఆమె చిత్రకళ వైపు మళ్లింది.