పాప డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చదువుతానంటోంది, పంపించొచ్చా?

కర్నూలు నుంచి ఒక నాన్న రాశారు. పాపది బీఎస్సీ జియాలజీ అయిపోయింది, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ పీజీ చేస్తానంటోంది, ఈయనేమో హైదరాబాద్‌లో ఎంసీఏ అంటున్నారు, రెండూ పోల్చి చెప్పమని అడిగారు.

అన్నా, వరదో తుఫానో టీవీలో వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్నతో నాకు నాన్నల ఫోన్లు వస్తాయి. మీరు ఉద్యోగం ఉద్యోగం అని రాశారు గానీ చివర్లో "ఆడపిల్ల, వరదల్లో తిరగాల్సొస్తే రేపు సంబంధాలు ఎలా" అని ఒక ముక్క పెట్టారు చూడండి, అసలు భయం అదే కదా.

పడవేసుకుని జనాన్ని తీసుకొచ్చేది ఎన్డీఆర్ఎఫ్ (కేంద్రం విపత్తు సహాయ దళం) వాళ్ళన్నా, ఈ చదువు చదివినోళ్ళ పని ఎక్కువగా నీళ్ళు రాకముందే ఉంటాది. ఏ వీధి ముందు మునుగుతుంది, మంచంలో ఉన్న ముసలోళ్ళు ఏ ఇంట్లో ఉన్నారు, రాత్రి రెండింటికి ఎవరు ఎవరికి ఫోన్ చేయాల, జనం యాడికి పోవాల, ఇవన్నీ ఊర్లో కూర్చుని ముందే రాసిపెట్టడం. 2009 అక్టోబర్ కర్నూలు వరదలో మిద్దె మీద రెండు రోజులు ఉన్నామని, పాపకు అప్పుడు నాలుగేళ్ళని మీరే రాశారు, ఆ పిల్ల ఈ చదువు ఎందుకు అడుగుతోందో మీకు తట్టలేదా? 2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది కింద ఊర్లు కొట్టుకుపోయినప్పుడు కూడా అంతే, తెల్లారేలోపు కబురు అందిందా లేదా అన్న దాని మీదే ప్రాణాలు ఆధారపడినాయి. ఒడిశానే చూడండి, 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పది వేల మంది పోయారు, 2013 ఫైలిన్ తుఫానుకి సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు, చనిపోయినోళ్ళు పదుల్లోనే. మధ్యలో పద్నాలుగేళ్ళు ఊరూరా జరిగిన పని అది. ఇంకా మన అనంతపురం కరువు ఉంది, అదీ విపత్తే, వేరుశనగ ఎండిపోతుంటే సైరన్ మోగదు కాబట్టి ఎవరికీ కనపడదు అంతే.

ఇప్పుడు నా అనుమానాలు చెప్తా. ఈమధ్య ఈ కోర్సు ఫ్యాషనైపోయింది, డ్రోన్లు, ఏఐ అని రంగుల బ్రోచర్లేసి ఆన్‌లైన్ డిప్లొమాలు, ఎంబీఏలు అమ్ముతున్నారు, ఊరి మొహం చూడకుండా డిగ్రీ చేతికొస్తే ఏం లాభం? ఎన్ని వారాలు ఫీల్డ్‌వర్క్ ఉంది, పోయినేడాది పిల్లలు యాడ చేరారు, ఇద్దరు సీనియర్ల నంబర్లివ్వండి అని అడగండి, నసిగితే ఫీజు కట్టొద్దు. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లాకో విపత్తు నిర్వహణ సంస్థ ఉంది, కలెక్టరే చైర్మన్, కానీ బయటి నుంచి తీసుకునే పోస్టులు చాలామటుకు కాంట్రాక్టే, ప్రాజెక్టు అయిపోతే మళ్ళీ వెతుక్కోవాల, ఎన్జీవోల్లో కూడా ఇదే కథ. ఇది దాచి మీ పాపను పంపించమంటే నేను తప్పు చేసినట్టే. అందుకే జీఐఎస్, అంటే కంప్యూటర్లో మ్యాపులు వేసి లెక్కలు తీసే పని, గట్టిగా నేర్చుకోమనండి, జియాలజీ ఉంది కాబట్టి తొందరగా వస్తుంది, ఇటు కాకపోతే నీటి ప్రాజెక్టులు, మ్యాపింగ్ కంపెనీలైనా పిలుస్తాయి.

ఎంసీఏ సంగతి పెద్దగా రాయను, ఇష్టం లేకుండా అది చేసి ఖాళీగా ఉన్న పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. కోపం తెచ్చుకోవద్దన్నా, మీరు ముందే ఎంసీఏ అని తేల్చేసుకుని నాతో ఔననిపించుకోడానికి రాశారు, పాపను ఎందుకమ్మా అని ఒక్కసారైనా అడిగినట్టు ఆ ఉత్తరంలో లేదు. సంబంధం గురించైతే బెంగొద్దు, ఆఫీసులో కూర్చుని ప్లాన్లు రాసే పని ఇందులో బోలెడుంది, ఊర్లకు పోయినా టీమ్‌తోనే పోతారు.

గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్ఐడీఎం (విపత్తు నిర్వహణలో ట్రైనింగిచ్చే కేంద్ర సంస్థ) దక్షిణ క్యాంపస్ ఉంది, పక్కనే ఎన్డీఆర్ఎఫ్ బెటాలియన్, అక్కడ చిన్న ట్రైనింగులు ఏమున్నాయో కనుక్కుని పాపను ఒకసారి తీసుకెళ్ళండి. వచ్చాక మళ్ళీ రాయండి, ఈసారి పాపతో రాయించండి.